సగం కుట్టిన గౌను

అణు విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కాలనీకి ఎదురు వీధిలో టైలరమ్మ కొట్టు. కాలనీలో ఉండే ఇంజనీరుగారి భార్య చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది. కొట్టు తెరిచి ఎంతోసేపు కాలేదు గానీ, టైలరమ్మ మనసులో అప్పటికే ఏదో పురుగు తొలుస్తోంది.

“కుట్టకపోయినా పర్లేదక్కా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్.”

“ఉన్నది ఉన్నట్టంటే ఏముంది మేడం? ఒక చెయ్యి అతికించాను, రెండోది టాకాల మీదుంది. మెడ తెరిచే ఉంది. పాప ఎలా వేసుకుంటుంది?”

“అక్కడ ఎవరిచేతనైనా కుట్టించుకుంటాంలే.”

“ఎక్కడ?”

“అదే... మా అక్కవాళ్ళ ఊళ్ళో.”

“బడిలో నాటకం ఉంది, పాపకి ఈ గౌనే కావాలి, తొందరగా కుట్టమని నిన్నగాక మొన్న ప్రాణం తీశారు కదా!”

“అన్నాను, అవును. ఇప్పుడు మా అక్కకి ఒంట్లో బాగోలేదు.”

“అయ్యో, ఏమైంది?”

“జ్వరం.”

“మీ పక్కింటావిడా ఇందాకే వచ్చి చొక్కా గుడ్డలు పట్టుకుపోయింది. వాళ్ళ అక్కకీ జ్వరమేనట.”

“ఏమో, నాకేం తెలుసు.”

“ఆవిడకి అక్కల్లేరు మేడం. అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఇదే స్టూలు మీద కూర్చుని ఎన్నిసార్లు ఏకరువు పెట్టిందో!”

“గౌను ఇస్తావా, ఇవ్వవా?”

“ఇవ్వకేం చేసుకుంటాను? కూర్చోండి, ఆ రెండో చెయ్యన్నా అతికిస్తాను.”

“కూర్చోను. ముందు ఆ కిటికీ వేసెయ్యక్కా.”

“కిటికీ వేస్తే సూదిలో దారం ఎలా ఎక్కించను?”

“లైటు వేసుకో.”

“ఈ ఉక్కలో...”

“చెప్తే విను ఒక్కసారి!”

“అరవకండి. వేశాను, ఇదిగో. ఇప్పుడు చెప్పండి, బయటేముంది?”

“ఏముంటుంది? దుమ్ము.”

“ఆకు కదలడం లేదు, దుమ్మెక్కడిది?”

“నన్నిన్ని అడక్కక్కా. నువ్వు కూడా ఊరెళ్ళు. చెల్లెలి దగ్గరికో, తమ్ముడి దగ్గరికో. ఇవాళే. మీ అమ్మాయేది?”

“బడికెళ్ళింది.”

“వెళ్ళి తీసుకురా. నడిపించకు, ఏదైనా బండి మాట్లాడుకో. కుళాయి నీళ్ళు తాగనివ్వకు. చుక్క కూడా తాగనివ్వకు.”

“కుళాయికేమొచ్చింది? మేడం, ఇటు చూడండి. నా మొహంలోకి చూడండి. ఆ లోపల ఏదో అయ్యింది కదూ?”

“అయ్యిందని నేనన్నానా?”

“అనలేదు. అందుకే అడుగుతున్నా.”

“చిన్నదే. గొట్టమేదో కారుతోందట. సర్దుతున్నారు.”

“చిన్నదైతే చీర తిరగేసి కట్టుకొచ్చారేం?”

“రాత్రి నిద్ర లేదు.”

“మరి సైరనేది? ఏటేటా అది మోగించి, మమ్మల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారుగా. ఇవాళ దానికి గొంతు పట్టేసిందా?”

“పైవాళ్ళు చెప్పాలట. ఇప్పుడే మోగిస్తే జనం ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటారట.”

“కాలనీవాళ్ళు మాత్రం తొక్కుకోలేదే! చక్కగా అక్కలకి జ్వరాలు తెప్పించుకుని ఒకరి వెనక ఒకరు జారుకుంటున్నారు!”

“నన్నేం చెయ్యమంటావు? ఎవరికీ చెప్పొద్దని మా ఆయన ఒట్టు వేయించుకున్నారు.”

“మరెందుకొచ్చారు? ఈ గుడ్డముక్క కోసమా?”

“గుడ్డముక్క కోసం ఇలాంటి రోజు ఇల్లు కదుల్తానా? ఆయనకి గౌనని చెప్పాను. నీకు చెప్పి పోదామని వచ్చాను. పాప పుట్టినప్పటి నుంచీ దాని ఒంటి మీద ప్రతి గుడ్డా నీ చేతిదే. నిన్నిక్కడ వదిలేసి పోతే నాకు అన్నం సహిస్తుందా?”

“నిజంగానా?”

“నా బిడ్డ మీద ఒట్టు.”

“ఏమనుకోకండి మేడం. ఏవేవో అనేశాను.”

“అనుకోవడానికి టైమెక్కడుంది? లే, కొట్టు కట్టెయ్.”

“ఉండండి... ఆ హారనెవరిది? వదలకుండా కొడుతున్నారు.”

“మా కారే. ఆయన తొందరపెడుతున్నారు.”

“సారా? సారు కూడా మీతో వస్తున్నారా?”

“రాకపోతే కారెవరు నడుపుతారు?”

“లోపల సర్దుతున్నారన్నారుగా.”

“వేరేవాళ్ళు సర్దుతున్నారు. ఈయన డ్యూటీ అయిపోయిందట.”

“అయిపోయిందట.”

“ఏంటలా అంటావు? కారులో చోటుందక్కా. వచ్చెయ్ మాతో. దారిలో మీ అమ్మాయిని ఎక్కించుకుందాం. ఆయన కాదంటే నేనూ కారెక్కను. మీ ఆయనకి ఫోన్ చెయ్, ఎవరింటికి రంగులేస్తున్నా సరే, బ్రష్షు అక్కడే పడేసి రమ్మను.”

“రంగుల పనికి పోలేదు మేడం.”

“మరెక్కడికి పోయాడు?”

“పని దొరకనప్పుడు కాంట్రాక్టు కింద పిలుస్తారుగా, తుడవడానికీ ఎత్తిపొయ్యడానికీ. తెల్లారకముందే ఫోనొచ్చింది. లోపల నీళ్ళు నిలిచాయి, తోడెయ్యాలన్నారట.”

“లోపలంటే... ఎక్కడ లోపల?”

“గొట్టాల కింద గదిలోనట. అప్పట్నుంచీ చేస్తూనే ఉన్నాను, ఫోనెత్తడం లేదు.”

“ఆ నీళ్ళలోకా! ఒంటి మీద ఏమీ లేకుండా, మామూలు మనిషిని ఆ నీళ్ళలోకా! అక్కా, ఎవడు పిలిచాడు? వాడు మనిషేనా? పేరు చెప్పు, మా ఆయనతో చెప్పి వాడి ఉద్యోగం ఊడగొట్టిస్తాను. ఎవడు?”

“‘నువ్వు ముందు దిగు, నీ వెనకాలే నేనూ వస్తున్నా’ అన్నారట మేడం... అదిగో, ఆ హారన్ కొడుతున్న ఆయనే.”