వణికిన ఎలకలు

(స్కానింగ్ గది. రేడియేషన్ ల్యాబ్ పెద్ద డాక్టరమ్మ, ఆమె కింద పనిచేస్తూ ఎలకలకు స్కాన్లు తీసే సొంత వదిన. తలుపు వేసి ఉంది.)

"మళ్ళీ అడుగుతున్నా. వేడి ప్యాడ్ మీద ఏ ఎలకల్ని పడుకోబెట్టావు?"

"అన్నిటినీ."

"అబద్ధం."

"ఇంట్లో సాధించింది చాల్లేదా? ఇక్కడ కూడా ఆడపడుచు పెత్తనమేనా?"

"ఇక్కడ నేను ఆడపడుచుని కాను. మేడమ్ అను. కెమెరాలో అంతా చూశాను, వదినా."

"నువ్వు మాత్రం వదినా అనొచ్చా?"

"మాట మార్చకు! రేడియేషన్ ఇచ్చినవాటినే ప్యాడ్ మీద పెట్టావు. మిగతావి చల్లటి బల్ల మీదే ఉన్నాయి."

"వణికిపోతున్నాయి. బొచ్చు నిక్కబొడుచుకుని, ముడుచుకుని... చూడలేకపోయాను. కాసేపు వెచ్చగా పడుకుంటే ఏం పోయింది?"

"ఏం పోయిందా! ఒళ్ళు వెచ్చబడితే రక్తం జోరుగా పారుతుందని తెలీదూ నీకు? స్కాన్‌లో క్యాన్సర్ గడ్డలు రక్తంతో వెలిగిపోయింది నీ ప్యాడ్ వల్ల! నేనేమో రేడియేషన్ మహిమ అనుకున్నాను. అది ఇచ్చిన వెంటనే మందు ఎక్కిస్తే రక్తంతో పాటు గడ్డలోకి దిగిపోతుందని లోకమంతా చాటాను."

"చాటింది నువ్వు. నేను కాదు."

"సిగ్గు లేదూ? ఆ మాట నమ్మి రేపు ఆస్పత్రిలో మనుషులకి మొదలుపెడుతున్నారు. ఆ మందు ఉత్త విషం. గడ్డలోకి దిగకపోతే ఒళ్ళంతా గుల్ల చేస్తుంది. ఇప్పుడే ఫోన్ చేసి ఆపిస్తా."

"వద్దు."

"ఉద్యోగం ఊడుతుందనా?"

"ఉద్యోగం తగలెయ్యి. ఫోన్ మాత్రం చెయ్యకు."

"తప్పు జరిగిందని నీకెప్పుడు తెలిసింది?"

"ముందు ఆ ఫోన్ కింద పెట్టు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు అందరికీ చెప్పుకున్న రోజే."

"తెలిసీ నోరు మెదపలేదా! ఎలకల మీద ఉన్న జాలి మనుషుల మీద లేదా నీకు?"

"అందరూ చేతులెత్తేసినవాళ్ళకేగా ఆ మందు? ఇదీ లేదంటే ఇంటికి పొమ్మంటారు. ఇంటికెళ్ళి ఏం చెయ్యాలి, చావు కోసం ఎదురు చూడ్డమా?"

"దాని బదులు విషం ఎక్కించుకుని ముందే పోవాలా? వాళ్ళేమవుతారు నీకు, అంత వకాల్తా పుచ్చుకుంటున్నావ్? జరుగు. రింగవుతోంది... హలో, డాక్టర్ గారూ! నేనే, ల్యాబ్ నుంచి. రేపటి చికిత్స వెంటనే ఆపాలి—"

"రేపు మొదటి మంచం మీ అన్నయ్యదే! నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."