మసి చారలు

సింకు పక్కన భార్య కడిగి పెట్టిన అంతరిక్ష నౌక బొమ్మను చూసి భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రేపు మీ బొమ్మల ప్రదర్శనలో తళతళలాడాలని సబ్బు పెట్టి రుద్దానండీ. ఎలా ఉంది?"

"నువ్వు కడిగేసింది దుమ్ము కాదే. సినిమాలోలాగా, ఎన్నో యుద్ధాలు చూసిన ఓడలా కనిపించాలని రంగుపొడితో అద్దిన మసి."

"అయ్యో! మళ్ళీ అద్దలేరా?"

"అద్దింది నేను కాదు. మీ నాన్నగారు, పోయేముందు మన దగ్గరున్నప్పుడు."

"నాన్నా? ఆయన చేతులు వణికి గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవారు కదా!"

"ఆ వణుకు వల్లే చారలు అంత సహజంగా వచ్చాయి. నాకెప్పుడూ అలా కుదరలేదు."

"ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెప్తే ఏడుస్తావని ఊరుకున్నాను."

"ఇంకెక్కడైనా మిగిలిందేమో చూడండి."

"అడుగున, ఇంజిన్ల సందులో కొంచెం ఉంది."

"నా చేతులింకా తడిగా ఉన్నాయి. మీరే పట్టుకుని చూపించండి."