నల్ల పొర కింద నవ్వు

ఆ మెషిన్ ఆపక్కా, ఒక్క నిమిషం! అద్దాలు అరగదీసే ఆ గీ చప్పుడులో నేనేం చెప్పను, నువ్వేం వింటావు? అరిచి చెప్పమంటావా? బయట కళ్ళజోడు ఫ్రేములు పెట్టుకుని అద్దంలో మురిసిపోతున్న వాళ్ళందరికీ వినపడుతుంది. అదేనా నీకు కావాల్సింది?

హమ్మయ్య. ఆపావు. చేతిరుమాలు తియ్యమని అననులే. మూతికి అడ్డం ఉంచుకునే విను.

నన్ను మోసం చేశారక్కా. నిన్ను కూడా అనుకో, కానీ ముందు నన్ను. ఆ కట్ బాబు ఉన్నాడే, మా దెయ్యం సినిమా డైరెక్టరు? క్యాంటీన్లో టీ చల్లారినా సరే 'కట్' అని అరుస్తాడని చెప్తే ఆ చేతిరుమాలు వెనక కిసుక్కుమన్నావు కదా, వాడే. నట్టేట ముంచాడు నన్ను. స్నేహితుడనుకున్నాను. ఛీ!

మూడు నెలలు గొడ్డు చాకిరీ చేశాను వాడికి. కాలేజీ పిల్లల సినిమాయే కదా, ఎవరు చూడొచ్చారులే అని ఊరుకున్నానా? పోస్టరు నేనే. టికెట్టు నేనే. పుస్తకాల్లో గుర్తుకి పెట్టుకునే బుల్లి కార్డులు నేనే. హాలు ముందు నిలబెట్టే నిలువెత్తు అట్టబొమ్మ కూడా నేనే. వాడేమో రక్తం కారే అక్షరాలు కావాలంటాడు. 'ఒరేయ్, అది రక్తంలా లేదురా, గోడ మీద పావురం రెట్టలా ఉంది' అన్నాను. వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

చివరికి నా మాటే నెగ్గింది. పోస్టరంతా నలుపు. సగం తెరిచిన బీరువా తలుపు, దాని అంచు మీద నాలుగు వేళ్ళు. అంతే, ఇంకేమీ లేదు. ఏమీ చూపించకపోతేనే జనానికి భయమేస్తుంది అని వాదించి వాదించి ఒప్పించాను.

ఆ వేళ్ళు నీవే కదా.

నిన్ను ఒప్పించడానికి ఎంత బతిమాలాను! రెండేళ్ళుగా ఫోటో అంటే చాలు, ఆమడ దూరం పారిపోతున్నావు. జ్వరం తగ్గిన మర్నాడు పళ్ళు తోముకుంటుంటే, మూతి వంకరపోయి, పుక్కిలించిన నీళ్ళన్నీ ఎడమ పక్కనించి కారిపోయాయి చూడు, ఆ రోజు నుంచీ అంతే. పెదనాన్న కూతురి పెళ్ళి ఆల్బమ్‌లో నువ్వెక్కడున్నావో అమ్మ ఇప్పటికీ వెతుకుతూనే ఉంటుంది. ఓ స్తంభం వెనకాల భుజం కనిపిస్తుంది, అదే నువ్వట.

'మొహం పడదక్కా, ఒట్టు, చెయ్యి ఒక్కటే' అన్నాను. నువ్వు ముందు రోజే గోళ్ళు కత్తిరించుకుని, అరగంట సబ్బుతో తోముకుని వచ్చావు. దెయ్యమైతే మాత్రం గోళ్ళు శుభ్రంగా ఉండొద్దుటే, అన్నావు!

మన గదిలో బీరువాలోకే దూరావు. అమ్మ చీరల మధ్య, ఆ కలరా ఉండల వాసనలో. ఒక చెయ్యి తలుపు అంచు మీద, రెండోది లోపల గడియ మీద, వదలకు అన్నాను. పట్టుకున్నావు. ఇంతలో హాచ్ మని తుమ్మావు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. 'కట్! దెయ్యానికి జలుబు చేసింది, ఎవరైనా ఆవిరి పట్టండి!' అని వాడి గొంతుతో అరిచాను.

నవ్వావక్కా. రెండు చేతులూ తలుపు మీదే ఉన్నాయి కదా, మూతికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యే లేదు. ఎలాగూ మొహం పడదన్న ధైర్యం కూడా. రెండేళ్ళ తర్వాత మొదటిసారి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వావు. అప్పుడు నొక్కాను బటన్.

వేళ్ళ వరకూ కోసుకుని మిగతాది పారెయ్యాల్సింది. నీకు చెప్పింది కూడా అదే. చేతులు రాలేదక్కా. నీ నవ్వు అది, నేను చూసి ఎన్నాళ్ళైందో! ఎలా పారేస్తాను?

అందుకని దాని మీద నల్ల పొర కప్పాను. కంప్యూటర్లో బొమ్మ ఒక్క ముక్కగా ఉండదక్కా, పొరలు పొరలుగా ఉంటుంది. కళ్ళు పరీక్ష చేసేటప్పుడు నువ్వు ఆ గుండ్రటి ఫ్రేములో అద్దం మీద అద్దం వేస్తావు చూడు, అలాగ. పైనించి చూసేవాళ్ళకి వట్టి చీకటి. ఆ చీకటి తీసేస్తే లోపల నువ్వు.

ప్రింటుకి ఇచ్చేముందు పొరలన్నీ కలిపేసి ఇవ్వాలి. నిన్నగాక మొన్న చేరిన వాళ్ళకి కూడా తెలుసు ఆ సంగతి. కానీ వాడు తేనె పూసినట్టు మాట్లాడాడు. 'సైజులు మార్చుకోవాలి, ఊరికే నిన్నెందుకు ఇబ్బంది పెట్టడం, నీ అసలు ఫైలే ఇచ్చెయ్యరాదూ' అన్నాడు. నమ్మి ఇచ్చాను. వాడు అన్నీ తెరిచి చూసి, నల్ల పొర తీసేశాడు. ఒక్క నొక్కు, అంతే.

పైగా కింద ఓ మాట తగిలించాడు. 'ఈ నవ్వు వినిపిస్తే వెనక్కి తిరక్కండి' అట. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది!

పొద్దున కాలేజీ గోడ మీద చూశాను. చుట్టుపక్కల షాపులు కూడా వదల్లేదని తర్వాత తెలిసింది. ఈ షాపు తలుపుకీ అంటించారట కదా. నువ్వు తాళం తియ్యడానికొస్తే నీ మొహమే నీకు ఎదురొచ్చింది. ఓనరు గారు ఒక్క మాట కూడా అనలేదట. ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, సొరుగులో పడేశారట. బిల్లులు రాసే ఆవిడ చెప్పింది. ఆయన ఏదో ఒకటి అనేసి ఉంటే బాగుండేది.

ఆవిడే ఇంకోటి కూడా చెప్పింది. సోమవారం నుంచి కౌంటర్లో కూర్చోవాల్సినదానివి, ఇక కూర్చోనని చెప్పేశావట. అక్కా, ఏమిటిది?

తల తిప్పుకోకు. ఎన్ని నెలలు కష్టపడ్డావు! రోజూ పొద్దున్నే అద్దం ముందు బుగ్గలు పూరించడం, కొవ్వొత్తి ఆర్పడం, పెదాలు సున్నా చుట్టడం. పోయిన వారం ఈల వచ్చింది! పక్కింటి కుక్క కూడా పరిగెత్తుకొచ్చింది, మర్చిపోయావా? కౌంటర్లోకి వస్తానని ఓనరు గారిని నీ అంతట నువ్వే అడిగావు. మనిషిని ఒక్క చూపు చూసి ఏ ముక్కుకి ఏ ఫ్రేమో చెప్పేదానివి, ఈ వెనక గదిలో నీళ్ళు చిమ్మే మెషిన్ ముందు బతుకంతా గడుపుతావా? ఎవడో వెధవ చేసిన పనికి?

నేను ఊరుకోలేదు తెలుసా. కడిగేశాను వాణ్ణి. క్లాసు క్లాసంతా ఉంది. 'నమ్మి ఫైలిస్తే మా అక్క మొహాన్ని గోడకెక్కిస్తావా, నువ్వసలు మనిషివేనా' అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు నేను అలిసిపోయేదాకా ఆగి, అప్పుడు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. 'గురువారం నీకు చూపించాను కదా' అన్నాడు.

అలా చూడకక్కా.

ఆ. చూపించాడు. గురువారం మధ్యాహ్నం, లైబ్రరీ మెట్ల మీద. 'మీ అక్క ఏమీ అనుకోదు కదా' అని కూడా అడిగాడు. ఇందాక నీకు ఆ ముక్క చెప్పలేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను, చెప్పకూడదని.

ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. ముందు నువ్వు కనపడలేదక్కా నాకు. పోస్టరు కనపడింది. ఎంత బాగా కుదిరిందో అనిపించింది, నా నాలుగు వేళ్ళ బొమ్మ దాని ముందు ఎందుకు పనికొస్తుంది? తర్వాత నువ్వు కనపడ్డావు. కనపడ్డాక కూడా వద్దనలేదు.

ఏమన్నానో తెలుసా? 'కింద నా పేరు మరీ చిన్నగా ఉంది, కాస్త పెద్దది చెయ్యి' అన్నాను.

చేశాడు పాపం. కావాలంటే ఆ సొరుగు తీసి, మడత విప్పి చూడు. సరిగ్గా నీ గడ్డం కింద, తెల్లటి అక్షరాలు, రోడ్డు అవతలి నుంచి కూడా చదవొచ్చు.

ఇంక వేసుకో. నీ మెషిన్ వేసుకో అక్కా.