తట్టు పార్టీ

పత్తి చేల మధ్య ఇల్లు, పశ్చిమ టెక్సాస్‌లో. బడులు తెరవడానికి ఇంకా కొన్నాళ్లుంది. ఏడో నెల పొట్టతో వంటింట్లో తిరుగుతున్న టావ్నీ దగ్గరికి వాళ్లమ్మ ఓపల్ కేకు పెట్టె పట్టుకుని వచ్చింది.

"ఎవరి పుట్టినరోజో చెప్పకుండా పార్టీ, రా అంటే ఎలాగే? కేకు మీద పేరుకి జాగా వదిలించి తెచ్చాను."

"పుట్టినరోజు కాదమ్మా. తట్టు పార్టీ."

"ఏం పార్టీ?"

"తట్టు. పక్కింటి షెల్బీ కొడుకు బోడీకి వచ్చింది. వాణ్ణి హాల్లో సోఫా మీద పడుకోబెట్టి, చుట్టూ పిల్లల్ని వదిలాం. ఒకటే పుల్ల ఐసు. ముందు బోడీ నాకుతాడు, తర్వాత తలా ఒకసారి."

"తలా ఒకసారి."

"వరసలో. తోసుకోకుండా. పద్ధతిగా పెంచామమ్మా."

"మన క్రీడ్ కూడానా?"

"వరసలో వాడే ముందు. ఒకటో క్లాసుకి టీకాలు వేయించనని స్కూల్లో కాగితం ఇచ్చేశానుగా. నా బిడ్డ, నా ఇష్టం. కానీ ఎవడికో తట్టొస్తే చాలు, టీకా లేనివాళ్లని మూడు వారాలు ఇంటికి తోలేస్తారు. ఫుట్‌బాల్ పోతుంది. అదేదో ఇప్పుడే వచ్చి పోతే సరి."

"వచ్చి... పోతుందంటావు."

"షెల్బీ వాళ్ల పెద్దాడికి పోలేదూ? తగ్గిన మర్నాడే ట్రాక్టరు ఎత్తాడట."

"నడిపాడా?"

"ఎత్తాడమ్మా. ఒంటి చేత్తో. రెండో చేతిలో శాండ్‌విచ్ ఉందట."

"మరి ఈ చిన్నాడు? ఆ దగ్గు వాడిదేనా?"

"వాడిదే. కిటికీ అద్దాలు అదురుతున్నాయి కదా. మంచి దగ్గంటుంది షెల్బీ. కళ్లే తెరవట్లేదు, వెలుతురు పడట్లేదట."

"నువ్వా గదిలోకి వెళ్లలేదు కదా?"

"బాగుంది. పొద్దుట్నుంచీ ఇందాకటిదాకా నా ఒళ్లోనే ఉన్నాడు. పొట్టకి చెవి ఆనించి పాపతో కబుర్లు, దగ్గుకీ దగ్గుకీ మధ్య."

"పొద్దుట్నుంచీ."

"ముక్కు తుడిచీ తుడిచీ నా చెయ్యి అరిగిపోయింది. అదేంటి, కేకు అంత వంకరగా కోస్తున్నావు?"

"కత్తి తెగట్లేదు. టావ్నీ, పద. కార్లో కూర్చో."

"ఈ ఎండలోనా?"

"ఏసీ వేస్తాను. డాక్టరు దగ్గరికి పోయి వద్దాం."

"నాకెందుకు డాక్టరు? మంత్రసాని ఉందిగా. రక్తపరీక్షలూ గిక్తపరీక్షలూ వద్దంది. గుమ్మడికాయ తూచినట్టు చేత్తోనే చెప్పేస్తుంది."

"కడుపుతో ఉన్నప్పుడు తట్టు సోకకూడదే. మా వీధిలో రోజలీన్‌కి అలాగే..."

"అలాగే?"

"ఉయ్యాల తిరిగి కొట్లో ఇచ్చేశారు."

"అయ్యో. ఆవిడకి చిన్నప్పుడు టీకా వేయించలేదేమో పాపం. నాకేం భయం?"

"చెప్పులు వేసుకో. ఎక్కడ నీ చెప్పులు?"

"అమ్మా, నాకు వేయించావుగా. ఇదే స్కూల్లో చదివాను. కాగితం ఇవ్వందే చేర్చుకోరు."

"ఇచ్చాను. కాగితం ఇచ్చాను."

"టీకా వేయించిన కాగితమేగా?"

"నువ్వు సూదంటే గుక్క తిప్పుకునేదానివి కాదు. మీ నాన్న కూడా వద్దు వద్దని ఒకటే..."

"టీకా వేయించిన కాగితమేనా?"

"కార్లో మాట్లాడుకుందాం పద."

"అమ్మా. ఏ కాగితం ఇచ్చావు?"

"క్రీడ్‌కి నువ్విచ్చిందేనే. అప్పుడు బిడ్డవి నువ్వు, ఇష్టం నాది."