వేపమండ ఉండనీ

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో, వేపమండ కట్టిన గుమ్మం ముందు నర్సు ఆగింది. ముసలావిడ తలుపు సగమే తెరిచింది.

“మళ్లీ వచ్చినావేటి? మొన్న అమ్మోరు నేదు, డెంగీ అని అరిసినావు. లైనంతా తలుపులేసుకున్నాది.”

“అందుకే మాకు ట్రైనింగిచ్చినారు మామ్మా. ఇయాల ముందు నువ్వు సెప్పు, నేనింటాను.”

“ఓసోస్, మాటాడ్డానికీ ట్రైనింగా! ఏటి సెప్పను? మనవరాలి ఒళ్లు కాలిపోతన్నాది, ఎర్రగా పేలింది. సూది పొడిస్తే అమ్మోరికి కోపమొస్తాదని బయం.”

“వేపమండ ఉండనీ. కాళ్లు కడుక్కునే లోపలికొస్తాను. రక్తం మాత్రం తియ్యనీ.”

“డెంగీయేనంటావా?”

“ఇంకా తెలీదు. పరీక్ష సేస్తే తెలుస్తాది. తెలిసినాక ముందు నీకే సెప్తాను. డెంగీ అయినా, వేళకి ఆస్పత్రికెళ్తే తగ్గుతాది.”

“తెలీదని సెప్పిన నర్సుని సూడ్డం ఇదే మొదలు. రా.”

“లైన్లో ఇంకెవరికైనా జొరముందా?”

“అందరూ దాసినారు. ఆగు. ఓ చిలకమ్మా! రాధారాణీ! తలుపులు తియ్యండి! నర్సమ్మ వేపమండ ముట్టదంట! పిల్లల్ని తెండి!”

“అమ్మో, అందరూ వచ్చేస్తన్నారు! మామ్మా, నా సంచీలో సూదులు సాలవు.”

“సాలకపోతే ఫోన్ సేసి తెప్పించు. ముందు నా మనవరాలు!”