పలికేవాడు లేని పాట

మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్ళు గడప దాటవని సామెత. పల్లంరాజు దగ్గర ఆ సామెత సగమే చెల్లుతుంది. అతని మాటలు కోటలు దాటడం ఊరు ఎప్పటినుంచో ఎరుగును. ఇప్పుడు కాళ్ళు కూడా సముద్రాలు దాటి వచ్చాయి. దాంతో అతను కోసే కోతల్లో ఎంత గింజో ఎంత పొట్టో తేల్చడం, కోరంగి పక్కనున్న ఆ పల్లెలో ఎవరి తరమూ కాకుండా పోయింది.

ఏడేళ్ళ కిందట కాకినాడ రేవులో ఓడెక్కింది ఇద్దరు, పల్లంరాజూ అతని బావ బుల్లియ్యా. పది రోజుల కిందట తిరిగొచ్చింది ఒక్కడే. పడవ దిగీ దిగకముందే బుల్లియ్య భార్య అచ్చాయమ్మ చేపలగంప నేలమీద పెట్టేసి ఎదురొచ్చి, మీ బావేడన్నయ్యా అని అడిగింది. పల్లంరాజు గంపలోని చేపల వైపు చూశాడు. బావకేం, అమెరికాలో మేస్త్రీ అయ్యాడు, వచ్చే ఏడు వస్తాడు అనేశాడు. ఆ ఒక్క అబద్ధాన్ని కప్పెట్టడానికి ఈ పది రోజులూ వంద కోతలు కోస్తూ వచ్చాడు. తను మాట ఆపితే ఆమె మళ్ళీ అడుగుతుందేమోనని భయం. అందుకని ఆపడం లేదు.

ఆ రోజు ముసురు పట్టింది. సముద్రం మీద గాలి బాగాలేదని పడవలు కదల్లేదు. మగాళ్ళంతా వలల పాకలో చేరి చిరుగులు ముడేసుకుంటున్నారు. అచ్చాయమ్మ పాక చివర గుంజకి ఆనుకుని కొబ్బరిపీచు తాడు పేనుతోంది. నుదుటి మీద ఎప్పట్లాగే పావలాకాసంత కుంకం. పల్లంరాజు ఆ కుంకం కంటబడకుండా ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు.

కొత్తగా పెళ్ళయిన రాముడు కథలంటే చెవికోసుకుంటాడు. ఆ దేశంలో కూడా పాటలుంటాయా మావయ్యా అని మొదలెట్టాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదురా రాముడూ, ఉన్నదున్నట్టు చెప్తాను. అక్కడో నది ఉంది, మన గోదారికి అప్పగారు. దాని పక్కన కనుచూపు మేరా పత్తి. మనకి ధవళేశ్వరంలో ఉన్నట్టు ఆనకట్ట లేదు, వరదొస్తే ఊళ్ళు కొట్టుకుపోకుండా రెండుపక్కలా మట్టిగట్లు పోస్తారు. ఆ గట్టు పనిలో కుదిరాం. పనోళ్ళంతా నల్లవాళ్ళు, పాపం వాళ్ళ తాతల్ని గొలుసులేసి ఓడల్లో తెచ్చి అమ్మారంట. ఇప్పుడు గొలుసుల్లేవు, గుర్రం మీద తుపాకీ పట్టుకుని ఒకడు తిరుగుతుంటాడు, అంతే తేడా. ఓ రోజు మట్టిబండి లాగే కంచరగాడిద బురదలో దిగబడింది. పదిమంది తోసినా లేవలేదు. నేనెళ్ళి దాని చెవిలో మన వలపాట ఓ ముక్క కూనిరాగం తీశాను. లేచి నుంచుంది. అంతకంటే ఏం లేదు."

గాడిదకి తెలుగొచ్చా అన్నాడు ముసలి గంగరాజు, తల ఎత్తకుండానే. పెద్దవలకి అతనే పెద్ద. పాకంతా నవ్వింది. పల్లంరాజు మాత్రం నవ్వలేదు. 'కుదిరాం' అని నోరు జారాడు, అందులో బావ కూడా ఉన్నాడు. వెనక తాడు పేనే చప్పుడు ఆగినట్టనిపించింది. గబగబా అందుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కపొలంలో పత్తి ఏరేవాడొకడు ఆ రాగం విని కేకేశాడు. పొడుగ్గా, చివర్లో గొంతు విరిగేలాగ. అది పైపొలంవాడు అందుకున్నాడు, వాడి దగ్గర్నుంచి ఆ పైవాడు. పొద్దున్న నేను దగ్గితే సాయంత్రానికి నాలుగొందల మైళ్ళ అవతల ఆ దగ్గు పాటై వినిపించేది. అంతకుముందు ఆ దేశంలో పాటన్నదే లేదు తాతా, పిట్టలు కూడా కూసేవి కావు."

"పిట్టలక్కూడా నువ్వే నేర్పావా?"

"అన్నిటికీ కాదు. కొన్నిటికి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. వినేవాళ్ళు నవ్వుతున్నకొద్దీ పల్లంరాజు పైకి పోయాడు. పనిలో పదిమందీ కలిసి పాడే పాట ఇంటికెళ్ళాక ఒంటివాడి పాట ఎలా అయిందో చెప్పాడు. చీపురుకట్ట తీగె విప్పి, గుడిసె గోడకి రెండు మేకులు కొట్టి దాన్ని బిగించి, సీసా మెడతో రాస్తే తీగె మనిషిలా ఏడుస్తుందట. ఆ మేకులు కొట్టింది తనేనట, సీసా ఖాళీ చేసింది కూడా తనేనట. తర్వాత దాన్ని గిటారనే వాయిద్యం మీదికి ఎక్కించాడట. అక్కడి భాషలో దిగులుని నీలం రంగంటారట, మనసు బాగోని మనిషికి నీలిదయ్యాలు పట్టాయంటారట. అందుకని ఆ పాటకి నీలమని పేరు పెట్టింది ఎవరనుకుంటున్నారు?

"నువ్వే," అన్నారు నలుగురైదుగురు.

"మరి! ఆ పాట కట్టే తీరు కూడా నాదే. ఒకే మాట రెండుసార్లు పాడాలి, మూడోసారి మాట మారాలి. మనిషి ఒక ముక్క పాడి ఆగుతాడు, పలికేవాడు లేడు కదా, అందుకని తీగె పలుకుతుంది."

"పలికేవాడు ఎందుకు లేడన్నయ్యా?"

అచ్చాయమ్మ అడిగింది. పది రోజుల్లో ఆమె అతన్ని అడిగిన రెండో మాట ఇది. పల్లంరాజు వెనక్కి తిరగలేదు. వలలో చెయ్యి పెట్టి లేని చిరుగు వెతుకుతూ, ఒంటిగా ఉన్నవాడికి ఎవరు పలుకుతారు చెల్లెమ్మా అని గొణిగాడు. ఆమె ఇంకో మాట అడిగేలోగా గొంతు పెంచేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలు కూడా నా రాగంలోనే కూత వెయ్యడం మొదలెట్టింది. ఆ కూత విని దొరలు కూచున్న చోటే ఏడ్చేవారు, గుర్రమ్మీదవాడు తుపాకీ జారవిడిచేవాడు. ఇక నదికి వరదొచ్చింది చూడండి, తాటిచెట్టెత్తు నీళ్ళు, గట్టు బీటలు వారింది. నేనెళ్ళి గట్టు మీద నుంచుని ఎత్తాను పాట. నీళ్ళు ఆగిపోయాయి. ఆగడమేంటి, వెనక్కి తిరిగి మూడు రోజులు కొండెక్కాయి. ఒక్క ప్రాణం పోలేదు. ఒక్కటంటే ఒక్కటి పోలేదు."

ప్రాణాల మాట అతన్ని ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తనే ఎత్తాడు. నవ్వుతున్న రాముడు నవ్వాపి మొహంలోకి చూశాడు. పాక మీద వాన చప్పుడు ఒక్కసారి పెద్దదైనట్టనిపించింది పల్లంరాజుకి.

గంగరాజు వల పక్కన పెట్టాడు. పాటా లేదు పాడూ లేదు, వీడు ఓడలో గిన్నెలు తోముకుని వచ్చాడు, అంత గొప్ప పాటైతే ఓ ముక్క పాడమనండి అన్నాడు. అవును పాడండి మావయ్యా అని రాముడు, అతనితోపాటు అందరూ మొదలెట్టారు.

పల్లంరాజు లెక్క వేసుకున్నాడు. పాడకపోతే కోతలని తేలిపోతుంది. ఇవి కోతలైతే బావ మేస్త్రీ అవడం కూడా కోతేనని వెనకున్న మనిషికి తెలియడానికి ఎంతసేపు? పాడక తప్పదు. అయితే ఆ పల్లెలో పాటంటే ఆషామాషీ కాదు.

అక్కడ పెద్దవల లాగేటప్పుడు తాడుకి మొదటి పట్టు పట్టినవాడే పాట ఎత్తాలి. ఎవడి పాట వాడిదే, వాడే కట్టుకోవాలి. వాడు బతికుండగా ఇంకొకడు ఆ మాటలు నోట పలకకూడదు, పలికితే వాడి ఆయుష్షు తెగుతుందని నమ్మకం. వాడు పోయాక, వాడికి దగ్గరైనవాడు రేవులో నిలబడి ఆ పాట మొదటిసారి ఎత్తుతాడు. ఊరికి చావు తెలిసేది అలాగే. ఆ ఎత్తినవాడిదే ఇక మొదటి పట్టు. ఏడేళ్ళ కిందటిదాకా మొదటి పట్టు బుల్లియ్యది. అతను వెళ్ళిన దగ్గర్నుంచీ తాడుకి ఆ మూర మేర ఎవరూ చెయ్యి వెయ్యలేదు, గంగరాజు రెండో పట్టు నుంచే తన పాతపాటతో నెట్టుకొస్తున్నాడు. అచ్చాయమ్మ కుంకం ఉన్నన్నాళ్ళూ ఆ మూర ఖాళీగానే ఉండాలి.

గట్టు మీద ఒక నల్ల ముసలాయన పాడే పాట ఉంది, అర్థం తెలియని ఆ మాటలే పాడేస్తే గొడవుండదనుకున్నాడు పల్లంరాజు. కళ్ళు మూసుకున్నాడు. రాగం వచ్చింది, పొడుగ్గా, చివర్లో విరుగుతూ. కానీ నాలుగేళ్ళుగా ఆ రాగంలో ఒంటిగా తను పాడుకున్న మాటలు వేరు. అలవాటుపడ్డ గొంతు వాటినే అందుకుంది.

"ఒడ్డు కానరాదురో, రేవులో ఎవరున్నారో...
ఒడ్డు కానరాదురో, రేవులో ఎవరున్నారో..."

మంచులో దారి తప్పిన పడవవాడు ఒడ్డునున్నవాళ్ళని పిలిచే పిలుపది. రెండుసార్లు పిలిచాక, వల లాగే పాతికమందీ 'ఉన్నామురో, ఇటు రారో' అని పలకాలి. పాకలో ఒక్కడూ పలకలేదు. చేతులన్నీ వలల మీద ఆగిపోయాయి. పలికేవాళ్ళు లేకపోతే ఏం చెయ్యాలో ఆ గొంతుకి తెలుసు. మూడోసారి తనకి తనే, సన్నగా పలుక్కుంది.

"ఉన్నానురో... ఇటు రారో..."

కళ్ళు తెరిచాడు. గంగరాజు మొహం చూశాడు. తను ఎత్తింది బుల్లియ్య పాటని అప్పుడు తెలిసింది. నవ్వబోయాడు, మొహం సాగలేదు.

"ఆ తర్వాత... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలిసిందన్నయ్యా," అంది అచ్చాయమ్మ.

లేచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. ఎన్నాళ్ళయింది అని అడిగింది. పల్లంరాజు నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగు నెలలా అని ఎవరో గొణిగారు. కాదు, ఏళ్ళు అంది ఆమె, తడుముకోకుండా పాడాడు కదా. ఇన్నాళ్ళూ కుంకం పెట్టుకున్న నుదురు తుడవకుండా అతన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపుకి పల్లంరాజుకి ఇక దాక్కోవడానికి చోటు లేకపోయింది.

అప్పుడు చెప్పాడు. వాళ్ళకి తనేమీ నేర్పలేదు. ఆ పాటలు వాళ్ళ తాతలవి, గొలుసుల నాటివి. వాళ్ళే తనకి నేర్పారు, పలికేవాళ్ళు లేనప్పుడు ఎలా పాడుకోవాలో. వరదొచ్చిన మాట నిజం. నీళ్ళు ఆగలేదు. తెల్లవారుతుండగా గట్టు తెగింది. దట్టంగా మంచు. గుర్రమ్మీదవాడు తుపాకీ చూపించి, కనబడినవాణ్ణల్లా గండి పూడ్చడానికి నీళ్ళలోకి తోలుతున్నాడు. పల్లంరాజు పారిపోయి బోర్లించిన మట్టిబండి కింద దూరాడు. అప్పుడు వినిపించింది పాట. తెగిన గట్టు తాలూకు మట్టిదిబ్బ మీద నిలబడి బుల్లియ్య పిలుస్తున్నాడు. ఎటు ఈదితే ఒడ్డో తెలియక పిలుస్తున్నాడు.

"దగ్గరే చెల్లెమ్మా. ఇక్కణ్ణుంచి ఆ కొబ్బరిచెట్లంత దూరం. నా పేరు పెట్టి పిలవలేదు. పాట ఎత్తాడు, నేను ఎక్కడున్నా పలుకుతానని. రెండుసార్లు ఎత్తాడు."

"నువ్వు పలికావా?"

పల్లంరాజు తల అడ్డంగా ఊపాడు. పలికితే బండి కింద ఉన్నానని ఆ తుపాకీవాడికి తెలిసిపోతుంది. నోరు తెరిచాడట, గొంతు రాలేదట. మూడోసారి బుల్లియ్య మాట మార్చాడు. ఉన్నానురో, ఇటు రారో అని తనకి తనే పలుక్కుని, తను మొహం తిప్పి పలికిన వైపే నీళ్ళలోకి దూకాడు.

తను ఒక్క కేక వేస్తే బావ బతికేవాడని, ఆ ఒక్క కేక తన దగ్గర లేకపోయిందని, అందుకే ఇన్ని కేకల గురించి చెప్పుకుంటున్నానని పల్లంరాజు ఏడ్చాడు. అతన్ని ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

అచ్చాయమ్మ పేనిన తాడు చుట్టచుట్టి గంగరాజు ముందు పెట్టింది. వాన వెలిశాక పెద్దవల ఎప్పుడు వేస్తారని అడిగింది. రేపే అన్నాడు గంగరాజు.

"అయితే మొదటి పట్టు అన్నయ్యది. పాట ఎత్తాడు కదా."

వద్దు చెల్లెమ్మా, నా వల్ల కాదన్నాడు పల్లంరాజు. ఆమె వినిపించుకోలేదు. ముసురులోనే ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న గాలి తగ్గింది. ఇసకలో పాతికమందీ తాడు పట్టి నిలబడ్డారు. ఏడేళ్ళుగా ఎవరి చెయ్యీ తగలని ఆ మూర మేర పల్లంరాజు రెండు చేతులూ వేశాడు. నీళ్ళ ఒడ్డున అచ్చాయమ్మ నిలబడి ఉంది, బోసినుదురుతో. అతను పాట ఎత్తాడు. రెండుసార్లు ఎత్తి ఆగాడు.

పాతికమందీ పలకడానికి నోళ్ళు తెరిచారు. అంతకంటే ముందే ఆమె గొంతు లేచింది.

"ఉన్నానురో, ఇటు రారో..."

ఆమె పల్లంరాజు వైపు చూడలేదు. సముద్రం వైపు తిరిగి పలికింది.