కింది పైపు చల్లగా ఉంటే

“పెద్ద గొప్పేం కాదు గానీ, ఉత్త చేత్తో ముట్టుకుని ఇంజన్ జబ్బు చెప్పినవాణ్ణి నేను,” అన్నాడు టాప్‌గేరు మేస్త్రి, టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని.

ఎదురుగా రోడ్డు వారన అతని మేనల్లుడి టాక్సీ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. లోపల్నుంచి ఆవిరి సన్నగా ఇంకా వస్తూనే ఉంది. వెనక సీట్లో మేస్త్రి అక్క, తలుపు తీసుకుని, వాచిన కాళ్లు బయటికి పెట్టి కూర్చుంది. ఆమె కిడ్నీలు పనిచేయవు. ఆస్పత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. వేళకి వెళ్లకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ టాక్సీ ఇంజన్ విప్పి బాగుచేసి మేస్త్రి నిన్ననే ఇచ్చాడు. ఇవాళ పొద్దున వీధి మలుపుకి రాకముందే వేడి చూపే సూది ఎర్రగీత దాటింది. వేరే బండికి ఫోన్ చేశారు, వస్తానన్నవాడు ఇంకా రాలేదు. ఇంజన్ చల్లారేదాకా చేసేదేమీ లేదు. అయినా మేస్త్రి నోరు ఊరుకోదు.

“ఏం జబ్బు మేస్త్రీ అది?” అన్నాడు పక్క కొట్టు దర్జీ, వద్దనుకుంటూనే.

“ఇదే, రిపేరయ్యాక వేడెక్కడం. ఓ షావుకారు బండి. అవతల వీధి షెడ్డువాడు ఇంజన్ విప్పి బిగించాడు, బిగించిన దగ్గర్నుంచీ కాగుతూనే ఉంది, రేడియేటర్ మార్చారు, ఫ్యాను మార్చారు, చివరికి డ్రైవర్ని కూడా మార్చారు, అయినా వేడి తగ్గదే! నేను వెళ్లి ఏం చేశానో తెలుసా? పై పైపు పట్టుకున్నా, చెయ్యి కాలింది. కింది పైపు పట్టుకున్నా, చల్లగా ఉంది. తేలిపోయింది. నీళ్లు తిరగట్లేదు, మధ్యలో ఏదో అడ్డం పడింది.”

బల్ల చివర కూర్చున్న మేనల్లుడు తలెత్తాడు. “కింది పైపు చల్లగా ఉంటే అడ్డం పడ్డట్టేనా మావయ్యా?”

“నీ బండి సంగతి వేరురా. కొత్తగా బిగించిన ఇంజన్ కొత్త పెళ్లికొడుకు లాంటిది, ఊరికే వేడెక్కుతుంది, నాలుగు రోజులు తిరిగితే అదే చల్లబడుతుంది. నువ్వు కథ విను. ఆ షావుకారు బండి వేడి అంతా ఇంతానా! సూది ఎరుపు దాటి, అద్దం పగలగొట్టుకుని బయటికొచ్చి డ్రైవర్ ముక్కుకి గుచ్చుకుంది. బానెట్ మీద ఎవరో కోడిగుడ్డు పెట్టారు, ఉడుకుతుందేమోనని. ఉడకలేదు. పొదిగి పిల్ల బయటికొచ్చింది!”

“పాపం, తల్లి లేని పిల్ల,” అంది టీ కొట్టావిడ, గ్లాసులు కడుగుతూ.

“నవ్వకమ్మా, ఉన్నమాటే చెబుతున్నా. పైన ఎగిరే కాకులు వేడి తాళలేక వీధి చుట్టూ తిరిగి పోయేవి.”

మేనల్లుడు లేచాడు. స్పానరు, తడిగుడ్డ తీసుకుని బండి వైపు నడిచాడు. మేస్త్రి చూడలేదు.

టాక్సీలో అక్క దగ్గింది. టీ కొట్టావిడ గబగబా గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లింది. “గుక్కెడు చాలు తల్లీ, ఎక్కువ తాగకూడదన్నారు,” అని అక్క పెదాలు తడుపుకుని గ్లాసు ఇచ్చేసింది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” మేస్త్రి గొంతు పెంచాడు. “కింది పైపు ఊడదీశా. చూస్తే ఏముంది, గుడ్డ! పైపు విప్పినప్పుడు నట్టో బోల్టో లోపల పడకుండా ఆ కన్నంలో గుడ్డ కుక్కుతాం, మా పనిలో అది అలవాటు. మళ్లీ బిగించేటప్పుడు తియ్యాలా వద్దా? ఆ దద్దమ్మ తియ్యలేదు! అన్నం తినేవాడెవడైనా మర్చిపోతాడా?”

“మర్చిపోడు,” అన్నాడు దర్జీ, బండి వైపు చూస్తూ.

“కొస పట్టుకుని లాగా. జేబురుమాలు వచ్చింది. ఇంకా లాగా, తువ్వాలు. దాని వెనకే దుప్పటి, దుప్పటి వెనక కిటికీ తెర, తెర వెనక, నీ కొట్టులో కూడా అంత ఉండదు దర్జీ, తానులకి తానులు! వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి పరిచారు జనం. తర్వాత బట్టలారేసే తాడు వచ్చింది, క్లిప్పులతో సహా, ఒక్క చొక్కా కింద పడకుండా. ఇంకా బిగువుగానే ఉంది. కాలు బంపరుకి తన్నిపెట్టి లాగితే, లోపల్నుంచి ఎవడో అవతలికి లాగుతున్నాడు! ఎవడ్రా అని అరిచా. చూస్తే ఆ షెడ్డువాడే, కొస పట్టుకుని పైపులోంచి...”

“మావయ్యా.”

మేనల్లుడు వచ్చి నిలబడ్డాడు. మోచేతుల దాకా తడి. “కింది పైపు చల్లగా ఉంది,” అన్నాడు. పైపులోంచి లాగినది బల్ల మీద పెట్టాడు. ముద్దగా నానిన గుడ్డ. మురికినీళ్లు బల్ల చివరి నుంచి మేస్త్రి మోకాలి మీదికి కారాయి.

దర్జీ వేలితో మడత విప్పాడు. అంచు వెంట ఆకుపచ్చ దారం. “చేతికుట్టు,” అన్నాడు మెల్లగా.

“అది... అది పాత ఓనరు హయాంలో ఎవడో...” అన్నాడు మేస్త్రి.

“నా దిండు గలీబురా తమ్ముడూ,” అంది అక్క టాక్సీలోంచి. కోపం లేదు, ఓపిక లేదు. “ఆ అంచు నేను కుట్టిందే. పాతబడిందని నీ షెడ్డుకి నేనే ఇచ్చా.”

అప్పుడొచ్చింది వేరే బండి. మేనల్లుడు ఆస్పత్రికి ఫోన్ చేసి, విని, పెట్టేశాడు. “మంచం ఇచ్చేశారటమ్మా. వరండాలో కూర్చోమన్నారు. ఎవరైనా రాకపోతే పిలుస్తారట.”

“కూర్చుందాంలే. కూర్చోవడమే కదా.”

అతను, టీ కొట్టావిడ చెరో రెక్కా పట్టుకుని ఆమెను నడిపించారు. బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయాసానికి ఆగింది. మేస్త్రి లేచి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు, తోసెయ్యనూలేదు. ఊపిరి కూడదీసుకుని అతని మొహంలోకి చూసింది.

“కథ మధ్యలో ఆపేశావేరా? చెప్పు. ఆ తర్వాత ఏమైంది?”

మేస్త్రి నోరు తెరిచాడు. బండి అక్కని ఎక్కించుకుని వీధి మలుపు తిరిగేదాకా అది అలాగే తెరిచి ఉంది.